ఏడు గీతల ముంత

ఎండాకాలం సెలవుల్లో కలిగినవాళ్ల పిల్లలకు తోచక చేసే పనుల్లో ఇంటర్న్‌షిప్ ఒకటి. పూర్వం ఈ సెలవుల్లో మామిడికాయలు రాలగొట్టేవారు, ముంజెలు తినేవారు, మధ్యాహ్నం ఒళ్లు తెలియకుండా నిద్రపోయేవారు. ఇప్పుడు మెడలో కార్డు వేలాడేసుకుని ఎనిమిది వారాలు ఎక్కడో ఏసీలో కూర్చుని, చివర్లో ఒక సర్టిఫికెట్ పట్టుకుని ఫొటో దిగుతున్నారు. మొయినాబాద్ దాటాక ఇంజనీరింగ్ కాలేజీలకూ ఫామ్‌హౌసులకూ మధ్య వెలిసిన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఇలాంటివాళ్ల కోసమే అన్నట్టు ఒక ఆర్ట్ మ్యూజియం ఉంది. మందుకైనా ఒక కిటికీ లేని సిమెంటు కట్టడం అది. ఈ ఏడాది మే నెలలో అందులో ఆరుగురు ఇంటర్న్‌లు చేరారు. ఐదుగురు ఆ యూనివర్సిటీ పిల్లలే, ఆరో మనిషి కృపాజ్యోతి.

కృపాజ్యోతి చేవెళ్లలో బి.ఏ. చరిత్ర చదివింది. మ్యూజియంలో ఆమెకు చోటు దొరికింది ‘స్థానిక సమాజం’ కోటాలో. అలాంటి కోటా ఒకటి ఉందని పేపర్లో వేయించుకోవడం యూనివర్సిటీకి ఇష్టమే గానీ, అందులో ఒక్కరికి మించి తీసుకోవడం ఇష్టం లేదు. ఆ ఒక్కరూ పొద్దున్నే ఊళ్లో ఆటో ఎక్కి, చేవెళ్లలో మెహదీపట్నం బస్సు పట్టుకుని, మొయినాబాద్ అవతల దిగి, కిలోమీటరున్నర ఎండలో నడిచి తొమ్మిదికల్లా తలుపు దగ్గర నిలబడేది. మిగతా ఐదుగురు కోకాపేట నుంచి, నార్సింగి నుంచి కార్లలో పదిన్నరకు దిగి, ట్రాఫిక్ చంపేసిందని కాఫీ తాగేవారు.

వాళ్లంటే కృపాజ్యోతికి మహా లోకువ. విహాన్ అనే కుర్రాడు తెల్లచేతి తొడుగులు ఎలా వేసుకోవాలో రెండు రోజులు నేర్చుకుని, మూడో రోజు నుంచి రావడం మానేశాడు. అయినా హాజరు పట్టీలో అతని పేరు తప్పకుండా కనిపించేది. ఆద్య అనే అమ్మాయి తిరగలిని చూసినా, విసనకర్రను చూసినా, ఆఖరికి చెప్పుల గూటిని చూసినా ‘ఎంత క్యూటుగా ఉందో’ అనేది. వాళ్ల అమ్మానాన్నలు ముప్పై ఏళ్ల కిందట గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్నవాళ్లు. పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ ఒక్క అక్షరం చదవలేరు. బళ్లో రెండో భాష ఫ్రెంచి. బస్సు బోర్డు చదవాల్సిన అవసరం వాళ్లకు పుట్టిన దగ్గర నుంచి రాలేదు.

వీళ్లందరి మీద డైరెక్టరు హేమచంద్. నలభై ఏళ్లుంటాయి, నలిగినట్టు కనిపించే ఖరీదైన నార చొక్కాలు వేస్తాడు. లండన్‌లో ఆరేళ్లు చదివి, తెలంగాణ పల్లెను అక్కడే కనిపెట్టి వచ్చాడు. ఆయనకూ తెలుగు చదవడం రాదు, ఢిల్లీ హాస్టళ్లలో పెరిగాడు. అది చెప్పుకోవడానికి సిగ్గుపడడు సరికదా, ‘నేను వస్తువులను చదువుతాను’ అంటాడు.

ఇంత లోకువగా చూసే పిల్ల అక్కడ ఎందుకుందీ అంటే, ఒక ఉత్తరం కోసం. ఉత్తరాదిలో ఒక పెద్ద యూనివర్సిటీలో మ్యూజియం చదువు ఉంది. దానికి దరఖాస్తు పెట్టాలంటే ఏదైనా మ్యూజియం డైరెక్టరు సంతకంతో సిఫారసు ఉత్తరం కావాలి, జూన్ నెలాఖరుకల్లా పంపాలి. పదో తరగతిలో విహారయాత్రకని పట్నంలో మ్యూజియానికి తీసుకెళ్లినప్పుడు, మిగతా పిల్లలు ఐస్‌క్రీమ్ బండి దగ్గర మూగితే, ఆమె ఒక పాత గడియారం ముందు నిలబడిపోయి బస్సును అరగంట ఆపించింది. ఆనాటి నుంచి ఆమెకు వేరే కోరిక లేదు. తండ్రి స్వామిదాసు మాత్రం చందనవెల్లి కంపెనీలో ప్యాకింగు పనికి మాట్లాడి పెట్టాడు. ఉత్తరం వస్తే సరి, రాకపోతే జూలై ఒకటిన అక్కడ చేరాలి. అందుకని కృపాజ్యోతి ఆ ఎనిమిది వారాలూ నోటికి తాళం వేసుకోవాలనే అనుకుంది.

నాలుగో వారంలో జైపాల్ ట్రాలీ ఆటో వచ్చింది. జైపాల్‌కు మొయినాబాద్ రోడ్డు మీద పాత సామాన్ల కొట్టు ఉంది. ఊళ్లలో ఇత్తడి, పాత తలుపులు, ఎద్దుబండి చక్రాలు తూకానికి కొని, ఫామ్‌హౌసుల వాళ్లకు ముచ్చటకు అమ్ముతాడు. మ్యూజియానికి అమ్మేటప్పుడు మాత్రం తుడవకుండా తెస్తాడు, మురికి ఉంటేనే ఇక్కడ విలువ అని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ రోజు తెచ్చిన వాటిలో ఒక ఇత్తడి ముంత ఉంది. నోరు కాస్త వెడల్పు, పొట్ట మీద ఒక చోట నిలువుగీతా అడ్డగీతా, వాటి కింద వరసగా ఏడు చిన్న గీతలు.

హేమచంద్ దాన్ని రెండు చేతులతో ఎత్తి, చంటిబిడ్డను చూసినట్టు చూశాడు.

“ఏం కనిపిస్తోంది మీకు?”

“ఎనర్జీ ఉంది సార్ ఇందులో” అంది ఆద్య.

కృపాజ్యోతి నోటి తాళం ఊడిపోయింది. “సార్, ఇది పిడికెడు బియ్యం ముంత. మా ఇంట్ల గూడ ఉన్నది. అన్నం వండేటప్పుడల్లా ఎసట్ల పోసే ముందు ఒక పిడికెడు తీసి ఇందుల వేస్తరు. ఆదివారం చర్చికి తీస్కపోయి ఇస్తరు. అది సిలువ గుర్తు సార్. కింద గీతలు ఎవరింటి ముంతో తెలిసెటందుకు. అప్పుడు ఎవరికీ చదువు రాకుండె.”

హేమచంద్ నవ్వాడు. ఆ నవ్వులో కోపం ఉంటే ఆమెకు బాగుండేది, దయ ఉంది. “చూడమ్మా, మనకు మరీ దగ్గరగా ఉన్న వస్తువును మనం చూడలేం. కొంచెం డిస్టెన్స్ కావాలి. ఇవి నాలుగు దిక్కులు. ఈ ఏడు గీతలు ఏడుగురు అక్కచెల్లెళ్లు, సప్తమాతృకలు. సంతానం కోసం చేసే ధాన్యపు పూజ ఇది. మిషనరీలు రాకముందు నుంచీ ఉన్న గుర్తు. తర్వాత మీవాళ్లు దాన్ని సిలువ అనుకుని ఉంటారు.”

“మా అవ్వకు తెలుసు సార్, అడగొచ్చు.”

“తప్పకుండా. కమ్యూనిటీ మెమరీ చాలా విలువైనది. ఒక కాగితం మీద రాసివ్వు, ఆర్కైవ్‌లో పెడదాం.”

ఆర్కైవ్ అంటే ప్రింటరు కింద ఉన్న సొరుగు. అందులో అంతకుముందే పాడైపోయిన మౌసులు, ఒక గొడుగు ఉన్నాయి. మిగతా ఇంటర్న్‌లు ‘సప్తమాతృకలు’ అని ల్యాప్‌టాపుల్లో కొట్టుకున్నారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టే ఉంది వాళ్ల వరస. ఒక్కడైనా ముంతలోకి తొంగి చూడలేదు. అడుగున పగుల్లో ఒక బియ్యపు గింజ ఇంకా ఇరుక్కుని ఉంది. సాయంత్రానికి ఎగ్జిబిషన్ పేరు కూడా ఖాయమైంది, ‘గర్భధాన్యం’. ఆ మాటకు అర్థం ఏమిటో పెట్టినవాడికే తెలియాలి. ఇంగ్లీషు లేబుళ్లు హేమచంద్ రాస్తాడు, తెలుగు లేబుళ్లు కృపాజ్యోతి రాయాలి. “నీకే కదమ్మా తెలుగు బాగా వచ్చు” అన్నాడాయన, పెద్ద వరం ఇచ్చినట్టు.

ఇంటికి వెళ్లేసరికి అవ్వ సరోజమ్మ బియ్యం కడగబోతోంది. సరోజమ్మ స్వామిదాసు తల్లి, డెబ్బై రెండేళ్ల మనిషి. పెళ్లయి వచ్చాక చర్చిలో బైబిలు చదవడానికే అక్షరాలు నేర్చుకుంది. ఇప్పటికీ కూడబలుక్కుంటూ, పైకి వినిపించేట్టు చదువుతుంది. గిన్నెలోంచి పిడికెడు బియ్యం తీసి గూట్లో ఉన్న ముంతలో వేసి, అప్పుడు మనవరాలి మొహం చూసింది.

“ఏమైంది బిడ్డా, గట్లున్నవ్?”

కృపాజ్యోతి చెప్పింది. సప్తమాతృకల దగ్గరకు వచ్చేసరికి ముసలామె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత నవ్వు ఆపి, “ఏడు గీతలా? సక్కగ చూసినవా?” అని అడిగింది.

“లెక్క పెట్టిన అవ్వ. ఏడే.”

“మనయి మూడు. ఏడంటె సంగమ్మది. ఊరి కొసకు ఆఖరి ఇల్లు.” సరోజమ్మ చేతి తడి చీరకు తుడుచుకుంది. “దానికి మొగడు లేకుండె. కూలి దొరికిన్నాడు పొయ్యి ఎలిగేది, లేన్నాడు లేదు. పొయ్యి ఎలగని దినం పిడికెడు ఎక్కడికెల్లి వస్తది? మల్లనాడు రెండు పిడికిళ్లు వేసేది. నిన్నటిది బాకీ అనేది. ఒద్దె సంగమ్మా అని పాస్టరమ్మ చెప్పినా ఇనకపోయేది. ఆ బియ్యంతోనే చర్చికి రేకులు పడ్డయి. అది సచ్చినంక కొడుకులు ఇత్తడి సామాన్లన్నీ తూకానికి అమ్ముకున్నరు.”

బియ్యం గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుంటూ, “ఆడ పేరు రాస్తరా?” అంది.

“కింద కాగితం అతికిస్తరు. వస్తువు ఏంది, ఎక్కడిది అని.”

“గట్లయితె సంగమ్మ పేరు పెట్టు బిడ్డా. దాని పేరు యాడ లేదు. సమాధి మీద గూడ లేదు.”

“నేనే గద అవ్వ రాసేది. పెడత. ఆళ్లల్ల ఒక్కనికి తెలుగు చదువ రాదు. నేనేం రాస్తె గదే.”

ఈ మాట అన్నప్పుడు కృపాజ్యోతికి భలే సంతోషమేసింది. నిజంగానే ఆ కట్టడంలో తెలుగు అక్షరం మీద ఆమెదే రాజ్యం. గోడకు ఎడమవైపు హేమచంద్ ఇంగ్లీషులో ఏ కూతలు కూసుకున్నా, కుడివైపు నిజం ఉంటుంది. ఆయన రోజూ దాని ముందునుంచే నడుస్తాడు. అది తలుచుకుని మరునాడు బస్సులో ఒక్కతే నవ్వుకుంది.

మ్యూజియానికి చేరగానే పది నిమిషాల్లో రాసేసింది. ‘పిడికెడు బియ్యం ముంత. ఇది సంగమ్మది. వండిన ప్రతిసారీ ఒక పిడికెడు దేవుని కోసం తీసి ఇందులో వేసేది. వండని రోజు పిడికెడు మరునాడు కలిపి వేసేది. ఆ బియ్యంతో చర్చికి కప్పు వేశారు. ఏడు గీతలు ఆమె ఇంటి గుర్తు.’ అంతే. ఒక మాట తీసెయ్యడానికీ లేదు, కలపడానికీ లేదు.

సరిగ్గా అప్పుడు హేమచంద్ వెనక నుంచి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. తెర మీదకు వంగి, ఆ ఐదు వరసలనూ బొమ్మను చూసినట్టు చూశాడు. మూసెయ్యడానికి కృపాజ్యోతి చెయ్యి మౌసు మీదికి వెళ్లింది.

“ఎంత గుండ్రంగా ఉంటాయో మన అక్షరాలు” అన్నాడు. “కొంచెం చిన్నదైనట్టుంది. ఇంగ్లీషు తొంభై పదాలుంది కదా, సమానంగా ఉంటే గోడ మీద బాగుంటుంది.” లేవబోతూ, “నీ ఉత్తరం రాస్తున్నాను. నమ్మదగిన అమ్మాయి అని రాశాను, చాలా అరుదైన గుణం అది. లేబుళ్లు శుక్రవారం ప్రింటుకి వెళ్తాయి. వెళ్లాక సంతకం పెట్టి ఇస్తాను” అన్నాడు.

ఆయన వెళ్లిపోయాడు. నిజం ఆయన కళ్లముందే ఉంది, ఆయన దాన్ని మెచ్చుకున్నాడు కూడా. ఇంకేం కావాలి? బుర్ర ఉన్నవాడెవడైనా ఫైలు మూసేసి చాయ్ తాగడానికి వెళ్తాడు.

కృపాజ్యోతి వెళ్లలేదు. వైస్ చాన్సలరు చదివితే? ఆయన తమిళుడు, చదవలేడు. ప్రింటు చేసేవాడు చదివి ఫోన్ చేస్తే? వాడు పెళ్లిపత్రికలో పెళ్లికూతురి పేరు తప్పుపడినా పట్టించుకోడు. పేపరు విలేకరి వస్తే? వచ్చినా సమోసా తిని, ఇచ్చిన ప్రెస్ నోటు పట్టుకుపోతాడు. ఒక్కొక్కరినే తలుచుకుంది, ఒక్కొక్కరినే కొట్టేసింది. చివరికి భయపడడానికి ఒక్క మనిషీ మిగల్లేదు. భయం మాత్రం మిగిలింది. ఉత్తరం చేతికి రాకముందే ఎవరో ఒకరు చదువుతారని, ‘నమ్మదగిన’ అనే మాట కొట్టేస్తారని, జూలై ఒకటిన తాను చందనవెల్లి గేటు ముందు టిఫిను డబ్బాతో నిలబడతానని.

గురువారం సాయంత్రం ఆమె ఆ ఐదు వరసలూ చెరిపేసింది. హేమచంద్ ఇంగ్లీషును ముందు పెట్టుకుని తెలుగు చేసింది. పోనీ, మనసొప్పక చేసినవాళ్లు చేసినట్టు ఏదో గిలికి పారేసిందా అంటే అదీ లేదు. ‘సంతానాన్ని కోరే స్త్రీలు సప్తమాతృకలను ఆవాహన చేసి ధాన్యాన్ని సమర్పించే గర్భధాన్య పాత్ర’ అని మొదలుపెట్టి, ‘నాలుగు దిక్కుల చిహ్నం సృష్టి చక్రాన్ని సూచిస్తుంది’ దాకా, ఎక్కడా తడబాటు లేకుండా, ఇంగ్లీషు కంటే అందంగా రాసింది. పదాలు కూడా తొంభైకి దగ్గరగా వచ్చాయి. ఎవరూ చదవని దానికోసం నిఘంటువు కూడా తిరగేసింది. నాలుగు వారాలుగా అక్కడివాళ్లందరినీ చూసి ముక్కు విరిచిన పిల్ల, వాళ్లకు చేతకాని పని తానే చేసిపెట్టింది. కింద చిన్న అక్షరాల్లో ‘తెలుగు పాఠం: కృపాజ్యోతి’ అని వేసుకుంది.

శుక్రవారం లేబుళ్లు వెళ్లాయి. మధ్యాహ్నానికి ఉత్తరం ఆమె సంచిలో ఉంది.

శనివారం పదకొండింటికి ఎగ్జిబిషన్ మొదలైంది. ‘కమ్యూనిటీ’ లేకపోతే ఫొటోలకు అందం ఉండదు కాబట్టి, యూనివర్సిటీ బస్సు ఒకటి ఊరికి వెళ్లి చర్చి స్త్రీలను ఎనిమిది మందిని ఎక్కించుకొచ్చింది. అవ్వను రావద్దని చెప్పడానికి కృపాజ్యోతి రెండు రోజులు సాకులు వెతికింది. మోకాళ్లు నొప్పి కదా అంది, ఎండ కదా అంది. సరోజమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందు బస్సెక్కింది. సంగమ్మ పేరు చూసి వస్తానని దారి పొడుగునా మిగతా ఆడవాళ్లకు చెప్పింది.

వాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టారు. ఉపన్యాసాలు ఇంగ్లీషులో అయ్యాయి. పల్లెగొంతుకను వినడం ఎంత అవసరమో హేమచంద్ ఇరవై నిమిషాలు చెప్పాడు. మైకు ఒక్కసారైనా వెనక వరస దాకా రాలేదు. తరవాత చప్పట్లు కొట్టి, జనం సమోసాల వైపు నడిచారు. సరోజమ్మ మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని గాజుపెట్టె దగ్గరకు వెళ్లింది. కృపాజ్యోతి వెంట వెళ్లింది, వెళ్లకుండా ఉండే ధైర్యం కూడా లేక.

లోపల దీపపు వెలుగులో ముంత మెరుస్తోంది. ముసలామె దాన్ని చూసి, పోయిన మనిషి ఎదురొచ్చినట్టు మొహం వెలిగించుకుంది. తరవాత పక్క గోడ మీది తెలుగు కాగితం మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. “సం-తా-నా-న్ని కో-రే...” అంటూ ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, బైబిలు చదివే గొంతుతోనే చదివింది. ఆ తొంభై పదాలు ఎంతసేపటికీ అవ్వలేదు. మధ్యలో ఒకసారి ఆగి వెనక్కి వెళ్లి, ఏదో వరస వదిలేశానేమోనని మళ్లీ చదివింది. ఆఖరున “తెలుగు పాఠం, కృపాజ్యోతి” అని చదివి వేలు తీసింది.

“ఇందుల సంగమ్మ యాడున్నది?”

కృపాజ్యోతి సమోసాల వైపు తిరిగి, ఎవరైనా వింటున్నారేమోనని చూసింది.

“ఆళ్లకు తెలుగు చదువ రాదంటివి గదా బిడ్డా” అంది సరోజమ్మ, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టు. “మరి ఎవలికి భయపడ్డవ్?”

ఎవరికో కృపాజ్యోతికే తెలియదు. ఉత్తరం ఉన్న సంచి భుజాన ఉంది, దాన్ని చేత్తో గట్టిగా పట్టుకుని నిలబడింది. అప్పుడే హేమచంద్, పక్కన ఎవరో జర్మనీ నుంచి వచ్చిన ఆవిడను వెంటబెట్టుకుని అటు వచ్చాడు.

“మీ అమ్మమ్మగారేనా? చదివారా? ఏమంటున్నారు?”

“మా నాయనమ్మ సార్” అంది కృపాజ్యోతి. “చాలా బాగుందంటున్నది.”

సరోజమ్మ తల తిప్పి మనవరాలి మొహంలోకి చూసింది. తరవాత హేమచంద్‌కు రెండు చేతులూ జోడించి, “అవు సారు. బాగనే రాసింది మా పిల్ల. చదువుకున్నది గదా” అంది.

పిల్లను కాపాడడానికే అన్నదో, ఇక మాటాడి లాభం లేదని అన్నదో గానీ, సరోజమ్మ నోటి వెంట అబద్ధం వినడం కృపాజ్యోతికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. హేమచంద్ పొంగిపోయాడు. ఊరి పెద్ద మనిషే ఒప్పుకుందని, ఇంతకంటే ఋజువు ఏం కావాలని జర్మనీ ఆవిడతో అన్నాడు. ఆవిడ ముసలామె ఏమన్నదో మాటకు మాట తెలుసుకోవాలని ముచ్చటపడింది.

“ఇంగ్లీషులో చెప్పమ్మా మేడంకి” అన్నాడు హేమచంద్.

అవ్వ అన్నది అన్నట్టే, ఒక్క మాటా పోకుండా, కృపాజ్యోతి చెప్పింది.